యూరియా చక్రపు ఎంజైములు - నైట్రిక్ ఆక్సైడ్ ఉత్పత్తి: ఆర్జినైన్ పంపకంపై ఒక వివరణ

వ్యాససంగ్రహం

యూరియా చక్రం అనగానే కాలేయంలో అమ్మోనియాను యూరియాగా మార్చి బయటకు పంపే విసర్జన ప్రక్రియ గుర్తుకు వస్తుంది. రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ తయారీ దీనికి సంబంధం లేని మరో అధ్యాయంగా పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది. అయితే ఈ రెండు ప్రక్రియలకూ ఆర్జినైన్ అనే ఒకే అమైనో ఆమ్లం ఆధారం. యూరియా చక్రపు ఎంజైముల్లో కొన్ని ఆర్జినైన్‌ను తయారు చేస్తాయి, ఒకటి దాన్ని ఖర్చు చేస్తుంది. నైట్రిక్ ఆక్సైడ్ ఎంత తయారవుతుందనేది చాలావరకు ఈ జమాఖర్చుల మీద ఆధారపడి ఉంటుంది. ఆ సంబంధాన్ని వివరించి, కొడవలి కణ రక్తహీనత, మలేరియా, పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాల నేపథ్యంలో తెలుగు ప్రాంతాలకు అది ఎందుకు ముఖ్యమో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: యూరియా చక్రం, ఆర్జినైన్, సిట్రులిన్, ఆర్జినేజ్, నైట్రిక్ ఆక్సైడ్, కొడవలి కణ రక్తహీనత, మేనరికం.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు పడమటి వైపు నల్లగండ్ల నుంచి గచ్చిబౌలి మీదుగా హైటెక్ సిటీ దాకా సాగే ఐటీ కారిడార్‌లో వ్యాయామశాలలకు, పోషక పదార్థాల దుకాణాలకు కొదవ లేదు. అక్కడ అమ్మే పొడి డబ్బాల మీద తరచుగా రెండు పేర్లు కనిపిస్తాయి: ఆర్జినైన్, సిట్రులిన్. ఇవి శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్‌ను పెంచుతాయని, దానివల్ల రక్తనాళాలు విప్పారి కండరాలకు రక్తం బాగా అందుతుందని ప్రకటనలు చెబుతాయి. ఈ మాటలో కొంత నిజం ఉంది. అయితే అది ఎంతవరకు నిజమో తెలియాలంటే ఈ రెండు పదార్థాల ఇంటిపేరు తెలియాలి. జీవరసాయన శాస్త్రంలో ఇవి మొదట పరిచయమైంది రక్తనాళాల సందర్భంలో కాదు, అమ్మోనియా విసర్జన సందర్భంలో. ఒక విసర్జన మార్గంలోని పదార్థాలు రక్తపోటును ఎలా ప్రభావితం చేస్తాయన్నదే ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

2. యూరియా చక్రం: పనిచేసే ఎంజైములు

ఆహారంలోని మాంసకృత్తులు జీర్ణమై అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి. శరీరం వాడుకోగా మిగిలిన అమైనో ఆమ్లాల్లోని నత్రజని అమ్మోనియాగా మారుతుంది. అమ్మోనియా మెదడుకు విషం. దాన్ని నీటిలో సులువుగా కరిగే, హాని తక్కువైన యూరియాగా కాలేయం మారుస్తుంది. ఈ మార్పు ఒక చక్రంలా సాగుతుందని జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో హాన్స్ క్రెబ్స్, కర్ట్ హెన్సెలైట్ 1932లో నిరూపించారు. కాలేయపు పలుచని ముక్కలకు కొద్దిగా ఆర్నిథిన్ చేర్చినప్పుడు యూరియా ఉత్పత్తి బాగా పెరిగింది, ఆర్నిథిన్ మాత్రం ఖర్చు కాలేదు. ఖర్చు కాకుండా పనిని వేగవంతం చేసేది మళ్లీ మళ్లీ మొదటికి వస్తూ ఉండాలన్న తర్కం నుంచే చక్రం అనే భావన పుట్టింది.

చక్రంలో ప్రధానంగా ఐదు ఎంజైములు పనిచేస్తాయి. మొదటి రెండూ కణంలోని మైటోకాండ్రియాలో ఉంటాయి. కార్బమాయిల్ ఫాస్ఫేట్ సింథటేజ్-1 అమ్మోనియాను బైకార్బొనేట్‌తో కలిపి కార్బమాయిల్ ఫాస్ఫేట్‌ను తయారు చేస్తుంది. ఆర్నిథిన్ ట్రాన్స్‌కార్బమాయిలేజ్ దాన్ని ఆర్నిథిన్‌కు చేర్చి సిట్రులిన్‌ను ఇస్తుంది. సిట్రులిన్ మైటోకాండ్రియా నుంచి బయటకు వచ్చాక మిగతా మూడు ఎంజైములు పని అందుకుంటాయి. ఆర్జినినోసక్సినేట్ సింథటేజ్ సిట్రులిన్‌కు ఆస్పార్టేట్‌ను జోడిస్తుంది. యూరియాలోని రెండో నత్రజని పరమాణువు వచ్చేది ఈ ఆస్పార్టేట్ నుంచే. ఆర్జినినోసక్సినేట్ లయేజ్ ఆ జోడింపును తెంచి ఆర్జినైన్‌ను విడుదల చేస్తుంది. చివరిగా ఆర్జినేజ్ ఆర్జినైన్‌ను యూరియాగా, ఆర్నిథిన్‌గా చీలుస్తుంది. యూరియా మూత్రపిండాలకు పోతుంది, ఆర్నిథిన్ తిరిగి చక్రం మొదటికి వస్తుంది. వీటికి తోడు ఎన్-అసిటైల్ గ్లుటమేట్ సింథేజ్ అనే ఆరో ఎంజైము మొదటి ఎంజైమును మేల్కొలిపే పదార్థాన్ని తయారు చేస్తుంది.

ఈ పని ఊరికే జరగదు. ఒక యూరియా అణువు తయారు కావడానికి మూడు ఏటీపీ అణువులు, లెక్క ప్రకారం నాలుగు అధికశక్తి ఫాస్ఫేటు బంధాలు ఖర్చవుతాయి. కణాల శక్తి నాణెమైన ఆ ఏటీపీని 1929లో కండరం నుంచి వేరు చేసి ప్రకటించిన వారిలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేసిన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని స్వతంత్రంగా కనుగొన్నాడు.

3. నైట్రిక్ ఆక్సైడ్: నిల్వ లేని సందేశం

రక్తనాళాల లోపలి పొర ఏదో ఒక పదార్థాన్ని విడుదల చేసి నాళపు కండరాన్ని సడలిస్తుందని రాబర్ట్ ఫర్చ్‌గాట్ 1980లో చూపాడు. ఆ పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ అనే చిన్న వాయువని తరువాతి ఏడేళ్లలో తేలింది. రక్తనాళ కణాలు దాన్ని ఆర్జినైన్ నుంచి తయారు చేస్తాయని సాల్వడార్ మొంకాడా బృందం 1988లో నిరూపించింది. ఈ రంగంలో కృషికి ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో, ఫెరీద్ మురాద్ 1998లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ అనే ఎంజైము ఆర్జినైన్‌ను ప్రాణవాయువుతో చర్య జరిపించి రెండు పదార్థాలను ఇస్తుంది: ఒకటి నైట్రిక్ ఆక్సైడ్, రెండోది సిట్రులిన్. ఈ ఎంజైములో మూడు రకాలున్నాయి. ఒకటి ప్రధానంగా నాడీ కణాల్లో, ఒకటి రక్తనాళాల లోపలి పొరలో పనిచేస్తాయి. మూడోది ఇన్ఫెక్షన్ సోకినప్పుడు మాక్రోఫేజ్‌ల వంటి రక్షణ కణాల్లో పుట్టుకొస్తుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. నైట్రిక్ ఆక్సైడ్ ఆయుష్షు క్షణాలే. హార్మోన్ల మాదిరిగా దాన్ని ముందే తయారు చేసి కణంలో దాచుకోవడం కుదరదు. అవసరమైన చోట, అవసరమైన క్షణంలో తయారు కావలసిందే. కాబట్టి ఆ చోటికి, ఆ క్షణానికి ఆర్జినైన్ అందాలి. యూరియా చక్రపు ఎంజైములు రక్తనాళాల కథలోకి ప్రవేశించేది ఈ అవసరం వల్లనే.

4. ఆర్జినేజ్: ఒకే చెరువుకు రెండు తూములు

ఆర్జినైన్‌ను ఒక చెరువు అనుకుంటే దానికి రెండు ముఖ్యమైన తూములున్నాయి. ఒకటి ఆర్జినేజ్, అది ఆర్జినైన్‌ను యూరియా వైపు మళ్లిస్తుంది. మరొకటి నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్. రెండో తూము చెరువు అడుగున ఉన్న సన్నని తూము. ఆర్జినైన్ సాంద్రత లీటరుకు కొన్ని మైక్రోమోల్‌లే ఉన్నా అది పనిచేయగలదు. ఆర్జినేజ్ కట్ట పైభాగంలో ఉన్న వెడల్పాటి తూము; దాని పని సగం వేగాన్ని అందుకోవడానికే మిల్లీమోల్ స్థాయి సాంద్రత కావాలి. అంటే ఆర్జినైన్‌ను పట్టుకునే నైపుణ్యంలో నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ దాదాపు వెయ్యి రెట్లు మెరుగు.

అలాగైతే ఆర్జినేజ్ పోటీకి రాలేదని అనుకోవచ్చు. కాని ఆర్జినేజ్ గరిష్ఠ వేగం నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ వేగానికి వెయ్యి రెట్లకు పైగా ఉంటుంది. పట్టులో ఉన్న లోటును వేగం పూడుస్తుంది. అందువల్ల శరీరంలో మామూలుగా ఉండే ఆర్జినైన్ సాంద్రతల వద్ద రెండు ఎంజైములూ దాదాపు సమానమైన పోటీదారులవుతాయి.

ఆర్జినేజ్ కాలేయానికే పరిమితమైనది కాదు. ఆర్జినేజ్-1 కాలేయంలో అధికంగా ఉంటుంది; మైటోకాండ్రియాలో ఉండే ఆర్జినేజ్-2 మూత్రపిండాల వంటి ఇతర అవయవాల్లో ఉంటుంది. రక్తనాళాల లోపలి పొరలో ఈ రెండు రకాలూ కనిపిస్తాయి. వయసు మీదపడటం, మధుమేహం, అధిక రక్తపోటు వంటి స్థితుల్లో అక్కడ ఆర్జినేజ్ చురుకుదనం పెరుగుతుందని, నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుందని జంతువుల మీద జరిగిన పరిశోధనలు చూపాయి.

రక్షణ కణాల్లో ఈ పోటీ మరింత స్పష్టంగా కనిపిస్తుంది. సూక్ష్మజీవులతో పోరాడే మాక్రోఫేజ్‌లు ఆర్జినైన్‌ను నైట్రిక్ ఆక్సైడ్ వైపు మళ్లిస్తాయి. గాయాన్ని మాన్పే దశలో ఉన్నవి ఆర్జినేజ్ ద్వారా ఆర్నిథిన్ వైపు మళ్లిస్తాయి. కణాల పెరుగుదలకు కావలసిన పాలీఅమైన్లు, కొల్లాజెన్‌కు కావలసిన ప్రోలిన్ దాని నుంచే వస్తాయి. ఈ పోటీ ఒకవైపు నుంచే సాగదు. నైట్రిక్ ఆక్సైడ్ తయారీలో మధ్యలో పుట్టే హైడ్రాక్సీ ఆర్జినైన్ అనే పదార్థం ఆర్జినేజ్‌ను అడ్డుకుంటుంది.

5. సిట్రులిన్: తిరిగి వచ్చే ముడిసరుకు

ఆర్జినేజ్ ఆర్జినైన్‌ను ఖర్చు చేస్తే, ఆర్జినినోసక్సినేట్ సింథటేజ్, లయేజ్ దాన్ని సమకూరుస్తాయి. కాలేయంలో ఇవి తయారు చేసిన ఆర్జినైన్‌ను పక్కనే ఉన్న ఆర్జినేజ్ వెంటనే చీల్చేస్తుంది. కాబట్టి కాలేయం ఎంత ఆర్జినైన్‌ను తయారు చేసినా మిగతా శరీరానికి అందేది బహు స్వల్పం. ఇతర అవయవాలకు కావలసిన ఆర్జినైన్ మరో దారిలో వస్తుంది. చిన్నపేగు కణాల్లో కార్బమాయిల్ ఫాస్ఫేట్ సింథటేజ్-1, ఆర్నిథిన్ ట్రాన్స్‌కార్బమాయిలేజ్ ఉంటాయి. అవి గ్లుటమిన్ వంటి అమైనో ఆమ్లాల నుంచి వచ్చిన ఆర్నిథిన్‌ను సిట్రులిన్‌గా మారుస్తాయి. ఆ సిట్రులిన్‌ను కాలేయం పెద్దగా పట్టుకోదు. అది రక్తంలో మూత్రపిండాలను చేరుతుంది. అక్కడ సింథటేజ్, లయేజ్ దాన్ని ఆర్జినైన్‌గా మార్చి రక్తంలోకి విడుదల చేస్తాయి. ఈ విధంగా యూరియా చక్రంలోని మొదటి సగం పేగుల్లో, రెండో సగం మూత్రపిండాల్లో జరిగి, కాలేయం తోడు లేకుండానే ఆర్జినైన్ తయారవుతుంది.

రక్తనాళ కణంలో ఇంకా చిన్న చక్రం ఒకటి ఉంది. నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ ఆర్జినైన్‌ను వాడుకొని సిట్రులిన్‌ను మిగులుస్తుందని ముందు చూశాం. ఆ సిట్రులిన్‌ను అదే కణంలోని సింథటేజ్, లయేజ్ తిరిగి ఆర్జినైన్‌గా మారుస్తాయి. యూరియా చక్రం నుంచి ఆర్జినేజ్‌ను తొలగించి, ఆ స్థానంలో నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్‌ను పెట్టినట్లుగా ఈ చక్రం పనిచేస్తుంది.

చాలాకాలం పరిశోధకులను తికమకపెట్టిన ‘ఆర్జినైన్ వైరుధ్యం’ ఇక్కడ కొంతవరకు విడిపోతుంది. రక్తనాళ కణాల్లో ఆర్జినైన్ లీటరుకు వందల మైక్రోమోల్‌లు ఉంటుంది. నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్‌కు కొన్ని మైక్రోమోల్‌లు చాలు. అయినా బయటి నుంచి ఆర్జినైన్ ఇస్తే కొన్ని సందర్భాల్లో నైట్రిక్ ఆక్సైడ్ పెరుగుతుంది. చెరువు నిండుగా ఉన్నా పొలానికి వెళ్లే పిల్లకాలువ ఎండిపోతే మడి తడవదు. అలాగే కణం మొత్తంలో ఎంత ఆర్జినైన్ ఉందన్నదాని కంటే ఎంజైము పక్కన ఎంత అందుతోందన్నది ముఖ్యం. ఆర్జినైన్‌ను కణంలోకి తెచ్చే వాహక ప్రొటీను, సింథటేజ్, లయేజ్, నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ కణపొర వద్ద దగ్గరదగ్గరగా ఉండి, ముడిసరుకును ఒకరి చేతి నుంచి ఒకరికి అందించుకుంటాయి. నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్‌ను అడ్డుకునే మిథైల్ ఆర్జినైన్‌లు కణంలో ఉండటం ఈ వైరుధ్యానికి చెప్పే మరొక కారణం.

సిట్రులిన్‌కు ఆ పేరు పుచ్చకాయ శాస్త్రీయ నామం నుంచి వచ్చింది. దాన్ని మొదట వేరు చేసింది పుచ్చకాయ రసం నుంచే. నోటి ద్వారా తీసుకున్న ఆర్జినైన్‌లో గణనీయమైన భాగాన్ని పేగుల్లో, కాలేయంలో ఉన్న ఆర్జినేజ్ చీల్చేస్తుంది. సిట్రులిన్ ఆ తూమును తప్పించుకొని మూత్రపిండాలను చేరుతుంది. అందుకే రక్తంలో ఆర్జినైన్‌ను పెంచడంలో ఆర్జినైన్ కంటే సిట్రులిన్ మెరుగ్గా పనిచేస్తుంది.

పెరిగిన ఆర్జినైన్ మేలే చేస్తుందన్న హామీ మాత్రం లేదు. గుండెపోటు వచ్చినవారికి ఆరు నెలలు ఆర్జినైన్ ఇచ్చి చూసిన ఒక అమెరికా పరీక్ష ఫలితాలు 2006లో వెలువడ్డాయి. అందులో పాల్గొన్న 153 మందిలో ఆర్జినైన్ తీసుకున్నవారికి గుండె పనితీరు మెరుగుపడలేదు. పైగా వారిలో ఆరుగురు మరణించగా, ఉత్తి మాత్ర తీసుకున్నవారిలో ఒక్కరూ మరణించలేదు. దాంతో కొత్తవారిని చేర్చుకోవడం ఆపివేశారు. లోటు ఎక్కడుందో తెలియకుండా ముడిసరుకు పోయడం వైద్యం కాదని ఈ పరీక్ష హెచ్చరిస్తుంది.

6. ఎంజైము లోపించినప్పుడు

యూరియా చక్రపు ఎంజైము ఒకటి పుట్టుకతోనే లోపిస్తే అమ్మోనియా పేరుకుపోయి శిశువు మెదడు దెబ్బతింటుంది. మాంసకృత్తులను తగ్గించడం, నత్రజనిని వేరే దారిలో బయటకు పంపే మందులు వాడటం దీనికి ప్రధాన చికిత్స. ఆర్జినినోసక్సినేట్ లయేజ్ లోపించిన పిల్లలకు ఆర్జినైన్ కూడా ఇస్తారు. ఆ చికిత్సతో అమ్మోనియా అదుపులోకి వస్తుంది. అయినా వారిలో కొందరికి చిన్నతనంలోనే అధిక రక్తపోటు, అభ్యసన లోపాలు కనిపించేవి. అమ్మోనియా ఒక్కటే కారణమైతే ఇలా జరగకూడదు.

దీనికి జవాబు 2011లో దొరికింది. అమెరికాలోని బేలర్ వైద్య కళాశాల నేతృత్వంలోని పరిశోధకులు లయేజ్ రెండు పనులు చేస్తుందని చూపారు. ఆర్జినైన్‌ను తయారు చేయడం ఒకటి. పైన చెప్పిన ఎంజైముల కూటమిని విడిపోకుండా నిలబెట్టడం రెండోది. లయేజ్ లేకపోతే కూటమి చెదిరిపోతుంది. అప్పుడు బయటి నుంచి ఎంత ఆర్జినైన్ ఇచ్చినా నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ దాన్ని సరిగా వాడుకోలేదు. మందులకు లొంగని రక్తపోటు ఉన్న ఇటువంటి ఒక రోగికి ఆర్జినైన్‌తో సంబంధం లేకుండా నైట్రిక్ ఆక్సైడ్‌ను ఇచ్చే ఐసోసార్బైడ్ డైనైట్రేట్ ఇవ్వగా రక్తపోటు అదుపులోకి వచ్చిందని 2012లో ప్రకటించారు. అది గుండెనొప్పికి ఎంతో కాలంగా వాడుతున్న మందే.

చక్రం మొదటి ఎంజైము విషయంలో మరొక ఆధారం ఉంది. పుట్టిన వెంటనే ఊపిరితిత్తుల రక్తనాళాలు సరిగా విప్పారక బాధపడే శిశువులను పరిశీలించిన ఒక అమెరికా అధ్యయనం 2001లో వెలువడింది. ఆ శిశువుల రక్తంలో ఆర్జినైన్, నైట్రిక్ ఆక్సైడ్ అవశేషాలు తక్కువగా ఉన్నాయని, కార్బమాయిల్ ఫాస్ఫేట్ సింథటేజ్-1 జన్యువులోని ఒక సాధారణ భేదానికి ఆర్జినైన్ స్థాయితో సంబంధం ఉందని అది తెలిపింది. అంటే ఎంజైము పూర్తిగా లోపించనక్కరలేదు; దాని సామర్థ్యంలోని చిన్న తేడా కూడా ఒత్తిడి సమయంలో ప్రభావం చూపగలదు.

7. తెలుగు ప్రాంతాల నేపథ్యం

ఈ జీవరసాయన సంబంధం తెలుగు ప్రాంతాల ఆరోగ్య సమస్యల్లో మూడుచోట్ల ఎదురవుతుంది.

మొదటిది కొడవలి కణ రక్తహీనత. ఆదిలాబాదు ప్రాంతపు గోండులు మొదలుకొని ఉత్తరాంధ్ర మన్యం వరకు అనేక గిరిజన సముదాయాల్లో ఈ జన్యులోపం ఉంది. ఈ వ్యాధిలో ఎర్ర రక్తకణాలు తేలికగా పగిలిపోతాయి. ఎర్రకణాల్లో ఆర్జినేజ్ ఉంటుంది. కణం పగిలితే అది నేరుగా రక్తంలోకి వచ్చి ఆర్జినైన్‌ను చీలుస్తుంది. కణాల నుంచి బయటపడిన హీమోగ్లోబిన్ ఉన్న నైట్రిక్ ఆక్సైడ్‌నూ మింగేస్తుంది. ఇలా ముడిసరుకూ తయారైన సరుకూ రెండూ తరుగుతాయి. ఆర్నిథిన్‌తో పోలిస్తే ఆర్జినైన్ నిష్పత్తి తక్కువగా ఉన్న రోగుల్లో ఊపిరితిత్తుల రక్తపోటు, మరణాలు ఎక్కువని 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనం తెలిపింది. భారత ప్రభుత్వం 2023 జూలై 1న ఈ వ్యాధి నిర్మూలనకు జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

రెండోది మలేరియా. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ గుర్తించింది 1897 ఆగస్టు 20న, సికింద్రాబాదులో. మెదడుకు సోకే ప్రాణాంతక మలేరియాకు కారణమైన ఫాల్సిపారం పరాన్నజీవికి సొంత ఆర్జినేజ్ ఉంది. అది సోకిన ఎర్రకణాలు కూడా పగులుతాయి. ఈ రకం మలేరియాతో బాధపడే టాంజానియా పిల్లల రక్తంలో ఆర్జినైన్ బాగా తక్కువగా ఉందని 2003లో తేలింది. ఇండొనేషియా రోగులకు ఆర్జినైన్‌ను రక్తంలోకి ఎక్కించినప్పుడు రక్తనాళాల పనితీరు మెరుగుపడిందని 2007లో ప్రకటించారు. ఇక్కడ ఆర్జినైన్ పనికొచ్చింది, ఎందుకంటే ఇక్కడి లోటు నిజంగా ఆర్జినైన్ లోటే.

మూడోది మేనరికాలు. యూరియా చక్రపు ఎంజైము లోపాల్లో ఆర్నిథిన్ ట్రాన్స్‌కార్బమాయిలేజ్ లోపం తప్ప మిగతావన్నీ తల్లి నుంచీ తండ్రి నుంచీ దోషమున్న జన్యువు అందితేనే బయటపడతాయి. మేనబావ మరదళ్లకు సగటున ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామ మేనకోడళ్లకు నాలుగో వంతు. ఈ వివాహాలు ఆచారంగా ఉన్న తెలుగు సమాజంలో ఇటువంటి అరుదైన లోపాలు బయటపడే అవకాశం హెచ్చు. హైదరాబాదులోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది శిశువులకు అమైనో ఆమ్ల లోపాలతో సహా పలు పరీక్షలు చేసిన అధ్యయనం 2004లో ప్రచురితమైంది. ప్రతి వెయ్యి మంది నవజాత శిశువుల్లో సుమారు ఒకరికి పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపం ఉందని అది నమోదు చేసింది. మడమ నుంచి తీసిన కొన్ని రక్తపు చుక్కలతో సిట్రులిన్ వంటి పదార్థాల హెచ్చుతగ్గులను పసిగట్టవచ్చు. అమ్మోనియా మెదడును దెబ్బతీయకముందే ఆ సంగతి తెలిస్తే బిడ్డ దక్కుతుంది. అలా దక్కిన బిడ్డకు రక్తపోటును కూడా చిన్ననాటి నుంచే గమనిస్తూ ఉండాలన్నది లయేజ్ పరిశోధన నేర్పిన పాఠం.

8. ఫలితాంశాలు

1. యూరియా చక్రపు ఎంజైములు నైట్రిక్ ఆక్సైడ్‌ను నేరుగా తయారు చేయవు. దానికి కావలసిన ఆర్జినైన్ ఎక్కడ, ఎంత, ఎప్పుడు అందాలో నిర్ణయిస్తాయి.

2. నైట్రిక్ ఆక్సైడ్ లోటుకు మూడు మూలాలున్నాయి. చక్రం తొలి ఎంజైములు బలహీనపడితే సిట్రులిన్ రాబడి తగ్గుతుంది. సింథటేజ్, లయేజ్ లోపిస్తే సిట్రులిన్ తిరిగి ఆర్జినైన్ కాదు. ఆర్జినేజ్ పెరిగితే ఉన్న ఆర్జినైన్ పక్కదారి పడుతుంది.

3. మూలాన్ని బట్టి చికిత్స మారుతుంది. ఆర్జినైన్ తరిగిపోయిన చోట ఆర్జినైన్ గాని, సిట్రులిన్ గాని ఉపకరించవచ్చు. లయేజ్ లోపంలో ఆర్జినైన్ అమ్మోనియాను అదుపు చేసినా రక్తనాళాల లోటును తీర్చలేదు. అక్కడ నైట్రిక్ ఆక్సైడ్‌ను వేరే దారిలో ఇవ్వవలసి వస్తుంది. గుండెపోటు తరువాత ఇచ్చిన ఆర్జినైన్ మేలు చేసిన దాఖలా లేదు.

4. యూరియా చక్రాన్ని కాలేయానికి చెందిన విసర్జన మార్గంగా మాత్రమే బోధించడం వల్ల పేగులు, మూత్రపిండాలు, రక్తనాళాలు, రక్షణ కణాల్లో అవే ఎంజైములు చేసే పని మరుగున పడుతోంది. తెలుగు మాధ్యమ విజ్ఞాన పాఠాల్లో ఈ రెండు అధ్యాయాలనూ ఆర్జినైన్ వద్ద కలిపి చెప్పడం అవసరం.

9. ముగింపు

శరీరం నత్రజనితో రెండు పనులు చేస్తుంది: ఎక్కువైనదాన్ని యూరియాగా బయటకు పంపుతుంది, కొద్దిపాటిని నైట్రిక్ ఆక్సైడ్‌గా మార్చి రక్తప్రవాహాన్ని నియంత్రిస్తుంది. ఈ రెండింటి మధ్య నిష్పత్తి ఎంతో తేడా గలది. ఆరోగ్యవంతుడైన పెద్దవాడు రోజుకు గ్రాముల లెక్కన యూరియాను విసర్జిస్తాడు. నైట్రిక్ ఆక్సైడ్ తయారీ మిల్లీగ్రాముల లెక్కలోనే ఉంటుంది. పెద్ద ప్రవాహంలో వచ్చే చిన్న మార్పు కూడా చిన్న ప్రవాహాన్ని ఎండగట్టగలదు. ఆదిలాబాదు అడవిపల్లెలో కొడవలి కణ వ్యాధితో ఉన్న బాలుడికైనా, హైదరాబాదు ప్రసూతి వార్డులో పుట్టిన శిశువుకైనా ఈ లెక్క ఒక్కటే. లోపం ఏ ఎంజైము దగ్గరుందో ముందుగా తేల్చుకున్నప్పుడే ఇచ్చే చికిత్స అవసరమైన చోటికి చేరుతుంది.